అమ్మాయి గొంతు కోసం ఒక ఆంటెన్నా

మా ఆయన వీధిలో నడిచేటప్పుడు నేల చూడడం ఎరగడు. తల పైకెత్తి, ఇళ్ల డాబాలు చూసుకుంటూ నడుస్తాడు. పెళ్లయిన కొత్తలో నాకు ఒళ్లు మండిపోయేది. "ఎవరండీ ఆ మేడ మీద?" అని ఒకరోజు నడివీధిలోనే నిలదీశాను. "ఎవరూ లేరే. ఆ ఆంటెన్నా చూడు, పక్కకి తిరిగిపోయింది. పాపం వాళ్లకి బొమ్మ మీద బొమ్మ వస్తుంటుంది" అన్నాడు. సవతి పోరు లేదని సంతోషించాలో, ఆంటెన్నా పుల్లలే సవతి అయ్యాయని ఏడవాలో తెలియలేదు నాకు. అలాంటి మనిషి ఈ మధ్య నేల చూసి నడుస్తున్నాడు. మోకాళ్ల నొప్పులేమో అనుకుంటున్నారు వీధిలో వాళ్లు. అనుకోనీ అని ఊరుకున్నాను.

ఆయన పని టీవీ ఆంటెన్నాలు బిగించడం. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఆయన ఎక్కని డాబా లేదు. పైపు భుజాన వేసుకుని, తీగ చుట్ట మెడలో వేసుకుని నిచ్చెన ఎక్కేవాడు. కింద ఇంటివాళ్లు కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది... అయ్యో పోయింది... ఇంకాస్త... ఆఁ, అక్కడే ఆపండి!" అని అరుస్తుంటే పైన పైపు తిప్పేవాడు. అందరూ ఆయన్ని ఆంటెన్నా అనే పిలిచేవాళ్లు. నన్నేమో చనువున్నవాళ్లు బూస్టర్ వదిన అనేవాళ్లు, నా గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుందని. తర్వాత కేబుల్ వచ్చింది, డిష్షులు వచ్చాయి, ఆ పైన టీవీ అందరి అరచేతుల్లోకి దిగిపోయింది. ఇప్పుడు దుకాణాలకు కెమెరాలు బిగిస్తున్నాడు. పని తెలిసినవాడే, కాదనను. కాని తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపించినా, అది తోక అంటాడు.

మాకు ఒక్కతే కూతురు. దూరాన సముద్రం ఒడ్డున ఉన్న ఓడరేవులో, కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం. ఏ ఓడ ఎప్పుడు లోపలికి రావాలి, ఏది బయటే ఆగాలి, చిన్న పడవలు ఎటు తప్పుకోవాలి, ఇదంతా రేడియో మైకులో చెప్పాలి. ఆ గదిలోంచి ఆగమంటే ఆగాలి, రమ్మంటే రావాలి. అంత పెద్ద ఓడలు నా కూతురి నోటి మాట నమ్మి కదులుతాయంటే నాకు కడుపు నిండిపోయేది.

చేరిన కొత్తలో దాని పక్కన ఒక సీనియర్‌ను కూర్చోబెట్టారు. ఈ మధ్యనే ఒక్కదాన్నే మైకు ముందు కూర్చోనిస్తున్నారు. దాని పై అధికారిని అక్కడ అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఇంకొన్నాళ్లు చూసి ఆ కుర్చీ దీనికి ఖాయం చేయాలి. నమ్మకం కుదరకపోతే ఫైళ్ల గదికి పంపేస్తారట. "ఫైళ్ల గదికి వెళ్లినవాళ్లు మళ్లీ మైకు ముఖం చూడరమ్మా" అని అమ్మాయి నాతో చెప్పింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "ఈ రోజు కూడా నేనొక్కదాన్నే చూసుకున్నా నాన్నా" అని చెప్పేది. ఈయన మీసం తిప్పుకుని కిందికి దిగి వీధంతా చాటింపు వేసి వచ్చేవాడు.

మేముండేది మూడో అంతస్తులో. కింద మా తమ్ముడి దర్జీ కొట్టు. పగలంతా నేను అక్కడే కాజాలు కుడతాను. మా తమ్ముడికి బావను ఏడిపించందే ముద్ద దిగదు. ఒకరోజు టేపు మెడలో వేసుకుని మొదలుపెట్టాడు.

"బావా, ఊరందరికీ బొమ్మలు చూపించావు. సొంత కూతురు రేడియోలో మాట్లాడుతుంటే ఒక్క ముక్క వినిపించలేకపోతున్నావు. ఆంటెన్నా అనే పేరు దేనికి నీకు, తీసేయ్!"

అంతే. అగ్గి మీద గుగ్గిలం. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని రేడియో సామాన్ల దుకాణానికి బయలుదేరాడు. నన్నెందుకంటే బేరం నా వంతు కాబట్టి.

దుకాణంలో మందపాటి కళ్లజోడు పెట్టుకున్న కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. చూపు ఎలా ఉన్నా మాట మాత్రం నిదానం. స్కానర్ అని అరచేతంత పెట్టె ఒకటి చూపించాడు. అది ఊరికే ఒకచోట ఆగదట. ఒక్కో చానెల్ చుట్టివస్తూ, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుందట. రేవులో మాటలు రెండు మూడు చానెళ్లలో నడుస్తాయి కాబట్టి మాకు అదే సరైనదన్నాడు. వినడమే, తిరిగి మాట్లాడటం కుదరదు. "అమ్మయ్య, మా ఆయన మాట్లాడకపోతే చాలు" అన్నాను.

"పెట్టె సరే. దూరం వినాలంటే అసలు సంగతి ఆంటెన్నాలో ఉంది సార్" అన్నాడు కళ్లజోడు. "మీరు వినాలనుకుంటున్నది ఒక్కచోటి మాటలా, అన్నిచోట్లవా?"

గోడకు మూడు రకాలు వేలాడుతున్నాయి. మొదటిది గుడ్డ ఊడిన గొడుగులా ఉంది. అది నాలుగు వైపుల నుంచీ, అన్ని రకాల రేడియోలూ పట్టుకుంటుంది, కాని మరీ దూరం లాగదు. రెండోది ఒంటి కర్ర. నిటారుగా నిలబడి, ఏదో ఒక రకం రేడియోనే చుట్టూ ఉన్న అన్ని వైపుల నుంచీ వింటుంది. మూడోది చేపముల్లు. నడుమ ఒక కడ్డీ, దానికి అటూ ఇటూ పుల్లలు. అది ఒక్క వైపే చూస్తుంది, కాని చూసిన వైపు చాలా దూరం వింటుంది. మా ఆయన కళ్లు మూడోదాని మీదే ఆగిపోయాయి. అదీ టీవీ ఆంటెన్నా బంధువే మరి.

"కొత్తవాళ్లకి నేను గొడుగే ఇస్తాను సార్. విమానాలు, టాక్సీలు, అగ్నిమాపకం, అన్నీ వస్తాయి. సరదాగా ఉంటుంది."

"ఊరందరి మాటలు నాకెందుకయ్యా? నా కూతురి మాట ఒక్కటి చాలు. చేపముల్లు ఇవ్వు" అన్నాడు మా ఆయన.

ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి. నిజం చెప్పొద్దూ, ఆ రోజంతా మా ఆయన మీద ప్రేమ పొంగిపోయింది.

కళ్లజోడు ఒప్పుకున్నాడు. రేవు ఒక్కటే కావాలనుకుంటే అదే మంచిదన్నాడు. ఎంత ఎత్తులో పెడితే అంత మేలని, డబ్బు మిగల్చాలనుకుంటే ఎక్కడైనా మిగల్చండి కాని తీగ దగ్గర మాత్రం వద్దని, సన్న తీగ అయితే దార్లోనే సగం మింగేస్తుందని చెప్పాడు. సిగ్నల్ పెంచే బూస్టర్ అడిగితే వద్దన్నాడు. మా వీధి చివర టాక్సీ ఆఫీసు ఉందని చెప్పగానే, బూస్టర్ పెడితే ఆ టాక్సీల గోలే ఇంటినిండా మోగుతుందన్నాడు. "ఇంట్లో ఉన్న బూస్టర్ చాలులే" అని మా ఆయన నన్ను చూసి నవ్వాడు. అన్నీ కట్టేశాక కుర్రాడు చేపముల్లు చేతిలోకి తీసుకుని, "బిగించేటప్పుడు మాత్రం సార్, ఈ పుల్లలు..." అని మొదలుపెట్టాడు.

"బాబూ, నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ బిగిస్తున్నాను" అని అది లాక్కున్నాడు మా ఆయన. కుర్రాడు చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.

డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పైపు నిలబెట్టాడు. మూడు వైపులా తీగలు లాగి కట్టాడు. చేపముల్లు ముక్కు సరిగ్గా రేవు వైపు పెట్టాడు. పుల్లలన్నీ నేలకు సమానంగా, గీత గీసినట్టు పడుకోబెట్టాడు. ఇన్నేళ్లుగా ఆయన బిగించిన ప్రతి ఆంటెన్నా అలాగే ఉంటుంది. కిందికి వచ్చి పెట్టె నొక్కాడు. మా తమ్ముడు, పక్కింటి పిన్ని, ఎదురింటి మాస్టారు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. పెట్టె సర్రుమంది. కాసేపటికి ఒక ఆడ గొంతు ఖంగుమని మోగింది. అందరం లేచి నిలబడ్డాం.

"బండి స్టేషన్ దగ్గరికి పంపండి, కస్టమర్ తిడుతున్నాడు!"

టాక్సీ ఆఫీసు. మా తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావా, అమ్మాయి ఓడల నుంచి టాక్సీలకి దిగిపోయిందా?"

ఆ తర్వాత రోజూ అదే వరస. సర్రుమనే చప్పుడు, టాక్సీలు. ఎప్పుడైనా ఇటువైపు దగ్గరగా వచ్చిన ఏ పడవ నుంచో మగ గొంతు రెండు ముక్కలు తేలి, మునిగిపోయేది. అమ్మాయి గొంతు ఒక్కసారీ రాలేదు. ఆయన పైపు ఇంకా ఎత్తు చేశాడు. తీగ అతుకులు విప్పి కట్టాడు. పెట్టెను తిట్టాడు, దుకాణం కుర్రాణ్ణి తిట్టాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికి ఒకడు" అని నేను గొణిగితే నా మీద గయ్యిమన్నాడు.

"టాక్సీలు వస్తున్నాయా లేదా? మగ గొంతులు వస్తున్నాయా లేదా? నా పనిలో లోపం లేదే! గొంతు ఉంటే కదా వచ్చేది!"

ఆ చివరి మాట నాకు అప్పుడు పట్టలేదు. ఆయన బుర్రలో అది అప్పుడే పాకుతోందని తెలియలేదు.

ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్ చేస్తే అడిగాడు. "ఈ రోజు మైకు దగ్గర నువ్వే ఉన్నావా?"

"పొద్దున్నంతా నేనే నాన్నా. ఊపిరి తీసుకోనివ్వలేదు ఓడలు" అంది అది నవ్వుతూ.

ఆయన ఆ పొద్దున్నంతా పెట్టె ముందు నుంచి లేవలేదు. ఒక్క ముక్క వినపడలేదు. ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చదువుకునే రోజుల్లో అమ్మాయి ఒక పరీక్ష తప్పి, పాసయ్యానని మాతో చెప్పింది. గుట్టుగా మళ్లీ రాసి గట్టెక్కింది. సంగతి తెలిసి ఈయన అన్నం మానేసి కూర్చున్నాడు. అది కాళ్లు పట్టుకుని ఏడ్చి, ఇంకెప్పుడూ అబద్ధం చెప్పనంది. చెప్పలేదు కూడా. నేను ఆ సంగతి అప్పుడే మరిచిపోయాను, ఈయన మాత్రం కడుపులో దాచుకున్నాడు.

రెండు రోజులయ్యాక మధ్యాహ్నం అన్నానికి నేను పైకి వస్తే కంచం ముందు కూర్చుని చల్లగా చెప్పాడు. "పెద్దాయనకి ఫోన్ చేశాను."

అవసరానికి ఉంటుందని అమ్మాయి ఇచ్చిన నంబరు అది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎందుకు?"

"మా అమ్మాయి నిజంగా మైకు దగ్గర ఉందా, లేక ఫైళ్లు మోస్తోందా అని అడిగాను. ఉందన్నాడు. అధికారి కదా, తన మనుషుల్ని వెనకేసుకొస్తాడు."

"మీకు మతి ఉందా అసలు? పెళ్లీడు పిల్ల, ఉద్యోగం చేసుకుంటోంది. బడిపిల్ల గురించి అడిగినట్టు వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతారా? దాని పరువు ఏం కావాలి!" అని ఎడాపెడా వాయించాను. తిని లేచాడు. ఇంకా ఏం మాట్లాడాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే పానా పట్టుకుని డాబా ఎక్కాడు. "విప్పి పారేస్తాను. ఇక దీంతో పనిలేదు" అన్నాడు. నేను ఇంట్లో బట్టలు మడతపెడుతున్నాను. పెట్టె మూల బల్ల మీద తన మానాన సర్రుమంటూనే ఉంది. పైన లాగి కట్టిన తీగలు విప్పిన చప్పుడు, పైపు దించుతున్న చప్పుడు వినిపించాయి. పైపును ఒక పక్కకి ఒరగదీసి, పిట్టగోడకీ ట్యాంకు దిమ్మెకీ మధ్య అడ్డంగా పడుకోబెట్టాడు. ధన్‌మని చప్పుడయింది. ఆ వెంటనే బల్ల మీద నుంచి, పక్కగదిలో నుంచి పిలిచినంత దగ్గరగా, నా కూతురి గొంతు.

"లోపలికి వచ్చే ఓడ అక్కడే ఆగాలి. ఓవర్."

మడతపెడుతున్న దుప్పటి వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. "ఏమండీ! వచ్చింది! వచ్చింది!"

"వేళాకోళమా నీకు?" అన్నాడు పైనుంచి.

"నా మీద ఒట్టు! అమ్మాయి మాట్లాడుతోంది!"

ఆత్రంగా పైపు ఎత్తి నిలబెట్టాడు. పెట్టె సర్రుమంది. "పోయింది!" అని అరిచాను. పడుకోబెట్టాడు. "వచ్చింది!" నిలబెట్టాడు. "పోయింది, నిలబెట్టకండి బాబూ!" అలా నాలుగుసార్లు చేశాడు. తర్వాత పైనుంచి ఏ చప్పుడూ లేదు. ఏమయిందోనని మెట్లెక్కి వెళ్లాను.

పడుకున్న పైపు పక్కన గొంతుక్కూర్చుని ఆంటెన్నానే చూస్తున్నాడు. పైపు పడుకుంటే పుల్లలు నిలబడ్డాయి. పైపు నిలబడితే పుల్లలు పడుకుంటున్నాయి. అంతే తేడా. టీవీవాళ్లు మా దగ్గర తరంగాన్ని అడ్డంగా పంపేవాళ్లట, అందుకని పుల్లలు అడ్డంగా ఉండాలి. ఓడలు, పడవలు, టాక్సీల రేడియోలు నిలువుగా పంపుతాయట. వాటికి పుల్లలు నిలబడి ఉండాలి. దగ్గర్లో ఉన్న టాక్సీ ఆఫీసు గట్టిగా అరుస్తుంది కాబట్టి పుల్ల ఎలా ఉన్నా దూరిపోయింది. దూరాన్నుంచి సన్నగా వచ్చే గొంతు దూరలేకపోయింది. ఇదంతా ఆయన చెప్పలేదు, గొణుక్కున్నాడు. పుస్తకంలో ఎప్పుడో చదివి కూడా, ఇన్నేళ్ల అలవాటులో మరిచిపోయాడట.

"కుర్రాడు చెప్పబోయాడే" అన్నాడు. ముఖం పాలిపోయింది.

"సర్లెండి, ఇప్పుడైనా తెలిసింది. సరిగ్గా బిగించి కిందికి రండి" అన్నాను. నాకు అమ్మాయి గొంతు వినాలని ఒకటే ఆరాటం.

ఆంటెన్నాను పైపుకు పట్టి ఉంచే క్లాంపు వదులు చేసి పుల్లలు నిలువుగా తిప్పి, మళ్లీ పైపు ఎత్తి కట్టి వచ్చాడు. ఇద్దరం పెట్టె ముందు కూర్చున్నాం. ఈసారి గొంతు ఇంకా స్పష్టంగా ఉంది. అది మైకులో ఎంత నిబ్బరంగా మాట్లాడుతుందో ఇంట్లో మాకెప్పుడూ తెలియదు.

"చిన్న పడవలన్నీ కుడివైపు తప్పుకోండి. లోపల్నుంచి పెద్ద ఓడ బయటికి వస్తోంది. ఓవర్."

నేను చప్పట్లు కొట్టబోయాను. వెంటనే ఒక మగ గొంతు వచ్చింది. "కంట్రోల్ మళ్లీ చెబుతోంది. చిన్న పడవలన్నీ కుడివైపు తప్పుకోండి. పెద్ద ఓడ బయటికి వస్తోంది."

అక్కడి పద్ధతేమో అనుకున్నాను. అది ఇంకొకటి చెప్పింది. ఆ గొంతు అదే మాట మళ్లీ చెప్పింది. మూడోసారీ అంతే. అప్పుడు ఏదో పడవ నుంచి ఒక ముసలి గొంతు కలగజేసుకుంది.

"కంట్రోల్, ఏంటమ్మా ఇది? మొన్నటిదాకా నువ్వొక్కదానివే చెప్పేదానివి. ఇప్పుడు నువ్వన్న ప్రతి మాటా ఆయనెందుకు మళ్లీ అంటున్నాడు? మేం ఎవరి మాట వినాలి?"

నా కూతురు జవాబిచ్చింది. "రెండూ ఒకటే అన్నా. ఇకనుంచి ఇలాగే. మీరు తప్పుకోండి, ఓవర్."

"రెండూ ఒకటే. తప్పుకోండి" అంది మగ గొంతు.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"పెద్దాయనతో ఇంకా ఏమన్నారు?"

తీగ ముక్క ఒకటి తీసి చుట్ట చుట్టసాగాడు.

"మిమ్మల్నే! ఫోన్‌లో ఇంకా ఏమన్నారు?"

"మీ అమ్మాయి అబద్ధం చెప్పదండీ అన్నాడాయన. నేను..." పెట్టె చప్పుడు తగ్గించాడు. "మీకు తెలియదండీ, చిన్నప్పుడు పరీక్ష తప్పి పాసయ్యానంది, అన్నాను."

నా నోరు మూతపడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి అనుకుంటాను. నా మొగుడు చేసిన పనికి నాకు సిగ్గేసింది. కన్నవాళ్లకి తప్ప ఎవరికీ తెలియని మాట, ఆ పిల్ల కాళ్లు పట్టుకుని ఏడ్చి కడుక్కున్న మాట, మోసుకెళ్లి దాని అన్నం కంచంలో మన్నులా పోసి వచ్చాడు.

"ఫోన్ చేయండి" అన్నాను. "ఇప్పుడే చేయండి."

చేశాడు. నాకు వినిపించేలా పెట్టాడు. పెద్దాయన మర్యాదస్తుడే. ఈయన చెప్పుకొచ్చాడు, ఆంటెన్నా, పుల్లలు, అడ్డం, నిలువు. రెండుసార్లు తడబడి మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. అవతల ఆయన చివరిదాకా విన్నాడు.

"అంటే మీ పుల్లలు అడ్డంగా ఉన్నందుకు మీ అమ్మాయి అబద్ధం చెబుతోందనుకున్నారా?"

"అవునండీ. తప్పు నాదేనండీ. అది చాలా నిజాయితీ గల పిల్లండీ."

"మంచిది. మరి ఆ పరీక్ష సంగతి? అదీ పుల్లల వల్లేనా?"

"అది... అది నిజమేనండీ. కాని చిన్నతనం..."

"చూడండి, నాకు ఆ అమ్మాయి మీద కోపం లేదు. కాని కన్నతండ్రే నమ్మలేదని తెలిశాక, ఆ గొంతు మీద ఓడల్ని ఒంటరిగా వదలాలంటే నాకు చేతులు రావడం లేదు. కొన్నాళ్లు సీనియర్ వెనక ఉంటాడు. తర్వాత చూద్దాం. కుర్చీ సంగతి ఇప్పుడే చెప్పలేను."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం! ఫోన్ పెట్టేసి అలాగే కూర్చుండిపోయాడు. తిట్టాలని నోటినిండా మాటలున్నాయి. ఆ ముఖం చూసి, మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టాను.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. నేను పొద్దున వచ్చింది, వచ్చింది అని వీధి అదిరేలా అరిచాను కదా, మా తమ్ముడు పిన్నినీ మాస్టారినీ వెంటేసుకుని వచ్చేశాడు. వాళ్లు గుమ్మంలో అడుగుపెట్టేలోపు మా ఆయన లేచి పెట్టె ఆపేశాడు.

"బావా! అమ్మాయి గొంతు దొరికిందటగా? ఏదీ, వినిపించు!"

"లేదు. రాలేదు."

"అక్క అంత గోల పెట్టిందిగా?"

"మీ అక్కకి చెవుల్లో టాక్సీలు మోగాయి" అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "నాకు బిగించడం చేతకాలేదురా" అన్నాడు.

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. ఆంటెన్నాకే ఆంటెన్నా చేతకాలేదని మాస్టారు అందుకున్నాడు. ఇక ఆ పేరు మార్చేద్దామని మా తమ్ముడు అన్నాడు. మామూలు రోజయితే నేనే ఇంకో నాలుగు కలిపేదాన్ని. ఆ రోజు మాత్రం లోపలికి వెళ్లి టీ పెట్టాను. పెట్టె నొక్కితే అమ్మాయి గొంతు గంటలా మోగుతుంది. దాని వెనకే ఆ రెండో గొంతు కూడా. అది వీధికి తెలియకుండా ఆయన నిలబడి ఎగతాళి అంతా పడుతున్నాడు.

సాయంత్రం అమ్మాయి ఫోన్ వచ్చింది. ఎప్పటిలా మొదట నాతో మాట్లాడింది. కాళ్లనొప్పి ఎలా ఉందంది, మామయ్యకి కొత్త గిరాకీ వచ్చిందా అంది. తర్వాత నాన్నకివ్వమంది. మధ్యలో బల్ల మీద పెట్టాను, ఇద్దరికీ వినిపించేలా.

"భోంచేశావా నాన్నా?"

"ఆఁ. నీ డ్యూటీ ఎలా జరిగిందమ్మా?"

"బాగానే జరిగింది. మామూలే. నేనొక్కదాన్నే చూసుకున్నా."

ఎంత తేలిగ్గా అందో! గొంతులో ఒక్క జీర లేదు. అబద్ధం చెప్పని పిల్ల ఆ పూట అబద్ధం చెప్పింది. ఎవరి తల వంగకూడదని చెప్పిందో మాకిద్దరికీ తెలుసు. ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు.

"విన్నానమ్మా" అన్నాడు.

"ఏం విన్నావు?"

"పొద్దుటి నుంచి వింటున్నా. ఆంటెన్నా కుదిరింది. నీ గొంతు విన్నా. వెనకాల ఆయన గొంతు కూడా విన్నా."

అటు ఏదో తలుపు వేసిన చప్పుడైంది.

"నువ్వు ఫోన్ చేసిన రోజే పెద్దాయన నాకు చెప్పారు నాన్నా. నీకు తెలిస్తే బాధపడతావని ఊరుకున్నా."

"తప్పు నాది తల్లీ. పుల్లలు అడ్డంగా బిగించాను. నీ గొంతు రాకపోయేసరికి నువ్వక్కడ లేవనుకున్నా. ఎవరికో చేసే బదులు నిన్నే ఒక్క మాట అడగాల్సింది."

"అడిగావుగా నాన్నా" అంది అది. కోపంగా అనలేదు. గుర్తు చేస్తున్నట్టు అంది. "ఆ రోజు సాయంత్రం అడిగావు. పొద్దున్నంతా నేనే మైకు దగ్గర ఉన్నానని చెప్పాను."

"చెప్పావు."

"మరి?"

ఆయన నా వైపు చూశాడు, ఏదైనా అందిస్తానేమోనని. నా దగ్గర మాత్రం ఏముంది? బల్ల మీద ఫోన్‌లో మా అమ్మాయి జవాబు కోసం ఆగి ఉంది.